మామ్మ సంచిలో తొమ్మిది రకాల మందులు: ఊరి నర్సు ఎంతవరకు కల్పించుకోవచ్చు?

ప్రశ్న: నేను శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో ఒక విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే క్లినిక్ చూసుకునే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడరుగా పనిచేస్తున్నాను. బీఎస్సీ నర్సింగ్ చదివాను. మా ఊళ్లో షుగరు, బీపీ ఉన్న ముసలివాళ్లు చాలామంది కాశీబుగ్గలోనో శ్రీకాకుళంలోనో ప్రైవేటు డాక్టర్లకు చూపించుకుని మందులు బయటే కొనుక్కుంటారు. ఒక మామ్మకు తొమ్మిది రకాలు రాశారు, నెలకు మూడు వేల దాకా అవుతోంది. వాటిలో నాలుగు మా క్లినిక్‌లో ఉచితంగా దొరికేవే. ఆ మాట చెప్పి మావి ఇచ్చాను. రెండు రోజులకే హైదరాబాద్ నుంచి వాళ్లబ్బాయి ఫోన్ చేసి "డాక్టరు రాసిన మందులు మార్చడానికి నువ్వెవరు?" అని గట్టిగా అడిగాడు. ఇంకొందరు నా దగ్గర తీసుకెళ్లి డబ్బాలో పడేస్తున్నారు. "గవర్నమెంటు బిళ్లలు పన్జెయ్యవమ్మా" అంటారు. ఇవీ అవీ రెండూ కలిపి మింగేవాళ్లు కూడా ఉన్నారని మా ఆశా చెప్పింది. మందుల ఖర్చు గురించి మాట్లాడే హక్కు నాకుందా? ఉంటే ఎంతవరకు?

సమాధానం: రెండూ కలిపి మింగేవాళ్లున్నారని ఆశా చెప్పిన మాట ముందు చూడండి, అమ్మా. హక్కు, ఖర్చు తర్వాత మాట్లాడుకుందాం. ఆ ఇళ్లేవో ఆశాను అడిగి ఈ వారంలోనే వెళ్లి రండి.

బయట కొన్న అట్ట మీద కంపెనీ పెట్టుకున్న పేరు పెద్దగా ఉంటుంది. దాని దగ్గరే సన్న అక్షరాల్లో మందు అసలు పేరు, షుగరు మందులైతే గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ అని ఉంటుంది. మీరిచ్చిన అట్ట మీదా గ్లిమెపిరైడ్ అనే ఉంటుంది. రంగు వేరు, సైజు వేరు, పైన పేరు వేరు. చదువుకోని మనిషి అవి రెండు వేర్వేరు మందులనే అనుకుంటుంది. పొద్దున్నే ఇదొకటి, అదొకటి వేసుకుని, ఆకలి లేదని కాస్త గంజి తాగి పడుకుంటే మధ్యాహ్నానికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. ఇంట్లోవాళ్లు బీపీ పెరిగిందనుకుంటారు. అలాంటప్పుడు ముందు గ్లూకోమీటరు పెట్టండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. గ్లిమెపిరైడ్ వల్ల పడిపోయిన షుగరు ఒకసారి పెరిగి మళ్లీ పడిపోవచ్చు. అందుకని అన్నం తినిపించి, ఆ రోజంతా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, డాక్టరుకు చెప్పాలి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి. ఇదంతా మీకు తెలుసు. ఆ ఇళ్లలో కోడళ్లకు, మనవలకు తెలియాలి. వెళ్లినప్పుడు చెప్పి రండి.

బీపీ మందుల్లోనూ ఇదే జరుగుతుంది. టెల్మిసార్టాన్ రెండు పేర్లతో రెండుసార్లు పడితే లేచి నిలబడగానే తూలు వస్తుంది, కిడ్నీ మీదా భారం పడుతుంది. అమ్లోడిపిన్ రెండింతలైతే కాళ్లు వాస్తాయి. ఆ వాపు చూసి ఎవరో ఒకరు నీరు పోయే బిళ్ల రాస్తారు. అక్కడితో సంచిలోకి పదో రకం వచ్చి చేరుతుంది.

ఇక ఆ అబ్బాయి అడిగినదానికి వద్దాం. మాట కటువుగానే ఉంది కానీ ప్రశ్నలో న్యాయం ఉంది. డాక్టరు రాసిన మందును మార్చే అధికారం, ఆపే అధికారం, మోతాదు తగ్గించే అధికారం మీకు లేవు. క్లినిక్‌లో ప్రోటోకాల్ ప్రకారం, పీహెచ్‌సీ డాక్టరు చెప్పినదాన్ని బట్టి మందులు ఇవ్వడం, వాడుతున్నారో లేదో చూసుకోవడం మీ పని. బ్రిటన్‌లో ఊరూరా ఇళ్లకు వెళ్లే నర్సులకు మందులు రాసే అధికారం ఇస్తూ 1992లో చట్టం చేశారు, 1994లో కొన్నిచోట్ల మొదలుపెట్టారు. అది కూడా అదనంగా శిక్షణ తీసుకున్నవాళ్లకే, ఒక చిన్న జాబితాలోంచే: పుళ్లకు కట్లు, విరేచనం సాఫీగా అయ్యే మందులు, చర్మానికి పూసేవి, అలాంటివి. అర్హత పొందినవాళ్లకు 2006లో ఆ పరిధి బాగా పెంచారు. మీకు అలాంటి అధికారం లేదు కాబట్టి, మీరు మంచి ఉద్దేశంతో చేసినా సరే, మామ్మ చేతిలో మందు మారిందని డాక్టరుకు తెలియకపోతే అది పొరపాటే. మామ్మకు రేపు ఏదైనా అయితే అటు ఆ డాక్టరూ ఇటు మీరూ ఇద్దరూ చిక్కుల్లో పడతారు.

అయితే ఖర్చు గురించి మాట్లాడే హక్కు మీకుంది. దాన్ని హక్కు అనడం కంటే బాధ్యత అనాలి. డబ్బుల్లేక నెలలో పది రోజులు మందు మానేసే మనిషికి బీపీ ఎందుకు దిగడం లేదో, ఆ కారణం పట్నంలో కూర్చున్న డాక్టరుకు కనబడదు. ఇంటి గడప తొక్కిన నర్సుకు కనబడుతుంది. జీడిపప్పు ఒలిచే కూలి మీద బతికే ఇంట్లో మూడు వేలంటే ఏమిటో మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ సంగతి డాక్టరు దాకా చేరవేయడం మీ పనే. కాకపోతే "ఇది మానేసి మాది వాడండి" అన్న మాట దగ్గర మొదలుపెట్టకూడదు. ముందు సంచిలో ఏముందో చూడాలి.

చూడటమంటే క్లినిక్‌లో బల్ల ముందు నిలబెట్టి అడగడం కాదు. ఇంటికి వెళ్లి, చాప మీద కూర్చుని, సంచి మొత్తం గుమ్మరించమనండి. తలగడ కింద ఉన్నవి, దేవుడి గూట్లో ఉన్నవి, చీరకొంగున కట్టుకున్నవి, పక్కింటావిడ ఇచ్చినవి కూడా రావాలి. పసరు మందు, చూర్ణం, ఆర్‌ఎంపీ కాగితంలో పొట్లం కట్టి ఇచ్చిన రంగు బిళ్లలు, అన్నీ. ఒక్కో అట్టా తీసి సన్న అక్షరాలు చదవండి. ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేస్తే సులువు. ఒక నోటు పుస్తకంలో మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పుడు వేసుకోమన్నారు, ఎవరు రాశారు, ఎప్పటినుంచి, దేనికోసం అని రాయండి. "దేనికోసం" అన్న గడి చాలాచోట్ల ఖాళీగా మిగులుతుంది. మనకు పని ఉన్నది అక్కడే.

అట్ట చదివేటప్పుడు ఒక విషయంలో జాగ్రత్త. పేరు చివర ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్ఎల్ అని ఉంటే ఆ మందు నెమ్మదిగా విడుదలయ్యే రకం. మామూలు బిళ్ల, అది ఒకటి కాదు. మెట్‌ఫార్మిన్ 500 మామూలుదీ, 500 ఎస్ఆర్‌దీ వేసుకునే పద్ధతి వేరు. ఎస్ఆర్ బిళ్లను విరిచి, నూరి ఇవ్వకూడదు. ఒకే బిళ్లలో రెండు మూడు మందులు కలిసి ఉంటే అన్నీ విడివిడిగా రాసుకోవాలి. లేకపోతే సంచిలో ఏవి రెండేసిసార్లు పడుతున్నాయో తేలదు.

ఇలా రాసుకున్నాక చూస్తే మీకే తెలుస్తుంది. సంచి బరువు చాలావరకు షుగరు, బీపీ మందులది కాదు. ఎప్పుడో జ్వరమొచ్చినప్పుడు అయిదు రోజులకు రాసిన గ్యాస్ బిళ్ల రెండేళ్లుగా నడుస్తూ ఉంటుంది. చీటీ చూపించి "ఇవే ఇవ్వు బాబూ" అంటే షాపులో అన్నీ మళ్లీ ఇచ్చేస్తారు. బలం బిళ్లలు, నరాల బిళ్లలు, కాల్షియం, లివరు టానిక్కు, పాలలో కలిపే పొడి డబ్బా, వీటికే సగం డబ్బు పోయే ఇళ్లు ఉన్నాయి. అన్నీ వృథా అని కొట్టిపారేయకండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గే మాట నిజమే, అరికాళ్లు మంటలంటే నరాల బిళ్లకు అర్థం ఉండొచ్చు. అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది దేనికి రాశారు, ఇంకా కావాలా? జవాబు చెప్పాల్సింది డాక్టరు. అడిగించాల్సింది మీరు.

షుగరు, బీపీలకు రోజూ వాడే ప్రధానమైన మందులు నిజానికి చవక. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ 2022లో కేంద్రం ప్రకటించిన 384 అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. ఆ జాబితాలోని మందులకు కేంద్రం తరఫున మందుల ధరలు చూసే ఎన్‌పీపీఏ గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది, ఏ కంపెనీ అయినా దాన్ని దాటి అమ్మకూడదు. కానీ అవే మందులు రెండు మూడు కలిపి ఒక బిళ్లగా చేస్తే ఆ కలిపిన బిళ్ల చాలాసార్లు ఆ జాబితాలో ఉండదు. అలాంటివాటికి ఆ గరిష్ఠ ధర వర్తించదు. విడివిడిగా వాడితే చవకయ్యే మందు కలిపి వాడితే ప్రియం కావడానికి ఒక కారణం ఇది. కలిపిన బిళ్లకు లాభమూ ఉంది, మరిచిపోయే ముసలివాళ్లకు రెండు మింగడం కంటే ఒకటి మింగడం తేలిక. అందుకే ఇది మీరు తేల్చే సంగతి కాదు, డాక్టరు ముందు పెట్టే సంగతి.

ఇంకొకటి పేటెంటు, అంటే కనిపెట్టిన కంపెనీ ఒక్కటే కొన్నేళ్లు అమ్ముకునే హక్కు. మామ్మ సంచిలో సిటాగ్లిప్టిన్ అనే షుగరు మందు ఉంటే చీటీ ఏ సంవత్సరానిదో చూడండి. దాని పేటెంటు 2022 జులైలో ముగిసింది. ఆ తర్వాత చవకగా మందులు అమ్మే ప్రభుత్వ పథకం దుకాణాలు, జన ఔషధి కేంద్రాల్లో 50 మి.గ్రా. బిళ్లలు పది 60 రూపాయలకు పెట్టారు. ఇంకో షుగరు మందు ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025 మార్చిలో పోయింది, చాలా కంపెనీలు తయారుచెయ్యడంతో ధర బాగా దిగింది. కానీ పాత చీటీ మీద పాత బ్రాండు పేరే ఉంటే షాపువాడు అదే ఇస్తాడు, మామ్మ పాత ధరే కడుతూ ఉంటుంది. షాపువాడిని తప్పుపట్టి లాభం లేదు. డ్రగ్స్ రూల్స్‌లో 65వ నిబంధన ప్రకారం, షెడ్యూల్ హెచ్ మందుకు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుకు, చీటీలో ఒక పేరు రాసి ఉంటే దాని బదులు అదే మందున్న ఇంకో కంపెనీది ఇవ్వకూడదు. కాబట్టి చీటీ మీదే మందు అసలు పేరు ఉండాలి. డాక్టర్లు జెనెరిక్ పేరు, అంటే ఆ అసలు పేరు, అర్థమయ్యేట్టు, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లోనే మెడికల్ కౌన్సిల్ నియమం పెట్టింది. 2023 ఆగస్టులో కొత్త నియమాలు తెచ్చి, జెనెరిక్ రాయకపోతే చర్యలంటే పెద్ద గొడవై, అదే నెలలో వాటిని పక్కన పెట్టారు. "అసలు పేరు కూడా రాయండి సార్" అని రోగి మర్యాదగా అడగొచ్చు. చాలామంది డాక్టర్లు కాదనరు. అడిగేవాళ్లే తక్కువ.

జన ఔషధి కేంద్రం దగ్గర్లో ఎక్కడుందో, ఏ మందు ధర ఎంతో 'జన ఔషధి సుగమ్' యాప్‌లో కనిపిస్తుంది. గరిష్ఠ ధరలు చూసుకోవడానికి ఎన్‌పీపీఏ వాళ్ల 'ఫార్మా సహీ దామ్' ఉంది. రెండూ మీ ఫోన్‌లో పెట్టుకోండి. ఆ కేంద్రంలో నెలకు సరిపడా ఒకేసారి తెచ్చుకుంటే బస్సు ఖర్చు కూడా కలిసివస్తుంది. మీ ఊరి నుంచి ఎవరో ఒకరు ఎలాగూ పట్నం వెళ్తుంటారు.

నొప్పుల బిళ్లల దగ్గర మాత్రం ధర మాట పక్కన పెట్టండి. మీది ఉద్దానం. అక్కడ ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఏ మండలంలో చూసినా ఆ ఇళ్లున్నాయి. పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు. అసలు కారణం ఏదైనా, ఉన్న కిడ్నీని ఇంకా చెడగొట్టే వాటిలో నొప్పుల బిళ్లలు ముందుంటాయని మాత్రం ఖాయంగా తెలుసు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, నిమెసులైడ్. మామ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయనుకోండి. బీపీకి టెల్మిసార్టాన్, కాళ్ల వాపుకు నీరు పోయే బిళ్ల ఉండి, వాటి మీద రోజూ ఎసిక్లోఫెనాక్ పడితే ఆ మూడూ కలిసి కిడ్నీని దెబ్బతీస్తాయి. ఎండాకాలం, కొబ్బరి తోటలో పని, చాలినన్ని నీళ్లు తాగకపోవడం తోడైతే చెప్పక్కర్లేదు. పైగా నొప్పుల బిళ్ల బీపీని పెంచుతుంది, కడుపులో మంట పుట్టిస్తుంది. బీపీ పెరిగిందని ఒక మందు, మంటకు ఇంకో మందు. ఈ గొలుసు మొదట్లో ఉన్న ఒక్క బిళ్ల తీసేస్తే వెనకాల రెండు మూడు వాటంతటవే అక్కర్లేకపోవచ్చు. డాక్టరుకు రాసేటప్పుడు దీన్ని మొదటి వరుసలో రాయండి. నొప్పికి పారాసెటమాల్, పైన పూసే జెల్, కాపడం, తొడ కండరాల వ్యాయామం లాంటివి సరిపోతాయేమో ఆయన్ని అడగండి.

మామ్మకు కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష, క్రియాటినిన్, చివరిసారి ఎప్పుడు చూశారో కూడా కనుక్కోండి. కిడ్నీ బాగా తగ్గితే, అంటే ఆ పరీక్షను బట్టి లెక్కకట్టే కిడ్నీ వడపోత అంకె, ఈజీఎఫ్ఆర్, 30 లోపు పడితే, మెట్‌ఫార్మిన్ వాడకూడదు. మీ ఊళ్లో ఈ పరీక్ష చూడకుండా ఎవరికీ ఆ మందు ఏళ్ల తరబడి నడిపించకండి, అది మీ క్లినిక్‌లో ఉచితంగా ఇచ్చినదైనా సరే.

ఇక సర్కారు బిళ్ల పనిచెయ్యదని జనం అనేదానికి వద్దాం. అసలు మందు అదే, మిల్లీగ్రాములు అవే, మామూలు రకానికి మామూలు రకమే అయితే అది పనిచేస్తుంది. కంపెనీ పేరు, రంగు, పూత మారతాయి. అమ్లోడిపిన్ 5 అంటే ఎక్కడైనా అమ్లోడిపిన్ 5. ఈ మాట నోటితో చెబితే నమ్మరు. బీపీ మిషను చూపిస్తే నమ్ముతారు. డాక్టరు సరేనన్న తర్వాత మందు మార్చి, వారం వారం బీపీ చూసి, ఆ అంకెలు వాళ్ల పుస్తకంలోనే రాయండి. నెల తిరిగేసరికి పాత అంకె పక్కన కొత్త అంకె ఉంటుంది, అది మీకంటే గట్టిగా మాట్లాడుతుంది. మూర్ఛ మందులు, థైరాయిడ్ బిళ్ల, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, వీటిలో మాత్రం కంపెనీ మారినా తేడా రావచ్చు. అవి డాక్టరుకు తెలియకుండా అస్సలు మారకూడదు. స్టెంట్ వేయించుకున్నవాళ్ల క్లోపిడోగ్రెల్, గుండెకు వాడే అటెనోలాల్, మెటోప్రోలాల్, చాలాకాలంగా నడుస్తున్న స్టెరాయిడ్ బిళ్ల ప్రెడ్నిసోలోన్, వీటిని ఒక్కరోజులో ఆపితే ప్రాణం మీదకు వస్తుంది. "ఖర్చు ఎక్కువవుతోంది, నాలుగు రోజులు మానేశాను" అని వీళ్లలో ఎవరైనా అంటే ఆ రోజే డాక్టరుతో మాట్లాడించండి.

అయితే జనం ఊరికే అపనమ్మకం పెట్టుకోలేదు. ఒక నెల ఉన్న మందు ఇంకో నెల ఉండదు. పోయినసారి తెల్ల బిళ్ల, ఈసారి పసుపు బిళ్ల. పది రోజులకే ఇచ్చి మళ్లీ రమ్మంటారు, వస్తే నర్సమ్మ మీటింగుకెళ్లి ఉంటుంది. ఇవన్నీ చూసిన మనిషి డబ్బు పెట్టైనా షాపుకే పోతుంది. విలేజ్ క్లినిక్‌లో 105 రకాల మందులు, 14 రకాల పరీక్షలు ఉండాలని కాగితం మీద ఉంది. మీ అలమరాలో ఈ రోజు ఏవున్నాయో మీకు తెలుసు. కాబట్టి ఒకరిని ఉచిత మందులోకి తేవాలంటే ముందు ఆ మందు కనీసం రెండు మూడు నెలలు ఆగకుండా ఇవ్వగలనా అని మీ స్టాకు రిజిస్టరు చూసుకోండి. ఊళ్లో ఎంతమంది ఏ మందు మీద ఉన్నారో పేర్లవారీగా లెక్క వేసి ఇండెంట్ పెట్టండి. పోయిన నెల ఎంత తెచ్చామో ఈ నెలా అంతే అన్న పద్ధతిలో పెడితే ఎప్పటికీ చాలదు. బీపీ, షుగరు అదుపులో ఉన్నవాళ్లకు డాక్టరు ఒప్పుకుంటే నెలకు సరిపడా ఒకేసారి ఇవ్వండి. బిళ్ల రంగు మారితే ఇచ్చే ముందే చెప్పండి, ఖాళీ అయిన పాత అట్టను కొత్త దాని పక్కన పెట్టి సన్న అక్షరాలు రెండూ ఒకటేనని చూపించండి. అట్ట కత్తిరించి పేరున్న ముక్క మీ దగ్గర ఉంచుకుని, పేరు లేని ముక్క వాళ్లకు ఇవ్వకండి. కాగితంలో విడిబిళ్లలు పొట్లం కట్టి ఇవ్వడం మానెయ్యండి, ఆ పొట్లం చూసే చాలామందికి నమ్మకం పోతుంది.

ఆ అబ్బాయి సంగతి. ఊరికి దూరంగా ఉండి, నెలనెలా డబ్బు పంపి అమ్మను చూసుకుంటున్నాననుకుంటున్న కొడుకతను. మీరు మందు మార్చారన్న కబురు అతనికి అమ్మ నోటినుంచి సగం సగంగా చేరి ఉంటుంది. చవక మందు ఇచ్చారనుకుని బెదిరాడు. మీరే ఫోన్ చెయ్యండి. "తమ్ముడూ, మీ అమ్మగారి మందులు నేను మార్చకూడదు, డాక్టరుగారికి చెప్పకుండా ఇవ్వడం నా తప్పు. సంచిలో ఉన్నవన్నీ రాసి నీకు వాట్సాప్‌లో పంపుతాను, చూడు. ఇందులో రెండు ఒకేరకంగా ఉన్నాయి, నొప్పుల బిళ్ల గురించి నాకు భయంగా ఉంది. ఈసారి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లినప్పుడు ఈ కాగితం చూపించాలి" అనండి. డబ్బు మాట మీరు ముందు ఎత్తకండి, అతనే ఎత్తుతాడు. రెండు నిమిషాల తర్వాత "నెలకు ఎంత తగ్గుతుందండీ?" అని అడిగే కొడుకులే ఎక్కువ.

డాక్టరుకు రాసే కాగితం పొడవుగా ఉండకూడదు. ప్రైవేటు డాక్టరు ముందు ఉండే మనుషుల వరసలో ఆయనకు దొరికేది నిమిషమో రెండో. నేనైతే ఇలా రాస్తాను:

"డాక్టరుగారికి నమస్కారం. ఫలానా ఆమె, 68 ఏళ్లు, మీ దగ్గర షుగరు, బీపీలకు చూపించుకుంటున్నారు. ఆమె ఇంట్లో ప్రస్తుతం వాడుతున్న మందులు వెనకవైపు రాశాను. గ్లిమెపిరైడ్ రెండు పేర్లతో రెండుసార్లు పడుతోంది. ఎసిక్లోఫెనాక్ రోజూ వేసుకుంటున్నారు, ఎవరు రాశారో తెలియదు. గ్యాస్ బిళ్ల చాలాకాలంగా నడుస్తోంది. నేను చూసిన బీపీ, షుగరు అంకెలు ఇవి. క్రియాటినిన్ చేయించి చాలాకాలమైంది. అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్ మా క్లినిక్‌లో ఉచితంగా ఉన్నాయి. మీరు సరేనంటే అసలు పేరు, మిల్లీగ్రాములు రాయగలరు, నేను నెలనెలా ఇచ్చి బీపీ చూస్తాను. మందుల ఖర్చు వల్ల నెలాఖరులో కొన్ని మానేస్తున్నారు. ఇంకా అవసరం లేనివి ఏవైనా ఉంటే తీసెయ్యగలరు."

అడుగున మీ పేరు, హోదా, క్లినిక్ ఫోన్ నంబరు. ఇందులో ఆయన రాసింది తప్పని ఎక్కడా లేదు, ఆయనకు తెలియనివి నాలుగున్నాయి. ఒక నకలు మీ పుస్తకంలో అంటించుకోండి.

ఆయన జవాబు రాయకపోతే అక్కడితో వదిలెయ్యకండి. పీహెచ్‌సీ డాక్టరు మీ ఊరికి వచ్చే రోజున మామ్మను, సంచిని, పుస్తకాన్ని ఆయన ముందు కూర్చోబెట్టండి. అప్పటిదాకా ఆగలేని సంగతి అయితే ఈ-సంజీవనిలో, అంటే ప్రభుత్వ వీడియో కాల్ వైద్యంలో, డాక్టరుకు చూపించండి. క్లినిక్‌ల నుంచి ఆ పద్ధతి 2019 నవంబరులో దేశంలో ముందు మొదలుపెట్టింది మన రాష్ట్రమే. రెండింతలు పడుతున్న గ్లిమెపిరైడ్ మాత్రం ఆగే సంగతి కాదు, అది ఇవాళే చెప్పాలి. డాక్టరు నిర్ణయం చెప్పేదాకా మామ్మ పాత చీటీ ప్రకారమే వేసుకోవాలి, రెండుసార్లు పడకుండా ఒక్కసారే. మీరిచ్చిన నాలుగు అట్టలు ఇంట్లో ఉంచకుండా తీసుకొచ్చి, పేరు రాసి మీ దగ్గర విడిగా పెట్టండి. స్టాకులో కలపకండి.